శత్రువు కనిపించని యుద్ధచిత్రం: ప్యోటర్ మిహావోవ్‌స్కీ ‘సోమోసియెర్రా’ – వీరరస పరిశీలన

వ్యాససంగ్రహం

పోలెండ్ చిత్రకారుడు ప్యోటర్ మిహావోవ్‌స్కీ (1800–1855) గుర్రాలను, అశ్వికదళాలను, యుద్ధఘట్టాలను చిత్రించి ప్రసిద్ధుడయ్యాడు. 1808లో స్పెయిన్‌లోని సోమోసియెర్రా కనుమలో జరిగిన అశ్వికదాడిని ఆయన పలుమార్లు చిత్రించాడు. స్వదేశాన్ని కోల్పోయిన ఒక జాతి సైనికులు, తమ దేశాన్ని కాపాడుకుంటున్న మరొక జాతిపై చేసిన దాడి అది. ఈ చిత్రంలో వీరరసానికి ఆలంబనమైన శత్రువు కనిపించడు. ఆశ్రయమైన వీరుడి ముఖమూ కనిపించదు. ఈ రెండు లోపాలను భారతీయ రససిద్ధాంతం వెలుగులో ఎలా అర్థం చేసుకోవాలన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అదే ఘట్టంతో తలపడిన వోయ్‌చెఖ్ కొస్సాక్ (1856–1942) కృషిని తులనాత్మకంగా స్వీకరిస్తుంది.

కీలకపదాలు: వీరరసం, ఆలంబనం, ఆశ్రయం, రసాభాస, చిత్రసూత్రం, పోలెండ్ చిత్రకళ, సోమోసియెర్రా.

1. ఉపోద్ఘాతం

రససిద్ధాంతాన్ని మనం కావ్యానికి, నాటకానికి అన్వయించినంత విరివిగా చిత్రానికి అన్వయించలేదు. విష్ణుధర్మోత్తర పురాణం తృతీయ ఖండంలోని చిత్రసూత్రం చిత్రరసాలను తొమ్మిదింటిని పేర్కొన్నప్పటికీ, మన విశ్వవిద్యాలయాల్లో అలంకారశాస్త్రం చదివే విద్యార్థికి చిత్రం ఉదాహరణగా ఎదురుపడడం అరుదు. ఇక పాశ్చాత్య చిత్రాన్ని రసదృష్టితో చూడబోతే రెండు వైపుల నుంచీ అభ్యంతరం వస్తుంది. ఆ చిత్రకారుడికి భరతుడెవరో తెలియదు కదా అని ఒకరంటారు. మన పరిభాషను అక్కడికి తీసుకుపోయి అతికించడమెందుకని మరొకరంటారు. సిద్ధాంతాన్ని అతికించడం వేరు, దానిని పరీక్షకు పెట్టడం వేరు. సిద్ధాంతం తనకు పరిచయం లేని వస్తువు ముందు నిలబడినప్పుడే దాని బలం, దాని హద్దు తెలుస్తాయి. ఈ వ్యాసంలో నేను చేయదలచినది రెండవ పని.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ చిత్రాలను నేను చూసింది ముద్రిత ప్రతికృతుల్లోనూ, సంగ్రహాలయాలు అందుబాటులో ఉంచిన డిజిటల్ ప్రతుల్లోనూ మాత్రమే. కనుక రంగుపూత మందం, కుంచెగీత స్పర్శ వంటి విషయాలపై తీర్పు చెప్పే సాహసం చేయను. చిత్రంలో ఎవరున్నారు, ఎవరు లేరు, చూసేవాడు ఎక్కడ నిలబడ్డాడు అన్న ప్రశ్నలకు ప్రతికృతి చాలు.

2. కనుమలో జరిగినది

1795లో జరిగిన మూడవ విభజనతో పోలెండ్ రాజ్యం పటం మీద లేకుండా పోయింది. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా దానిని పంచుకున్నాయి. ఆ మూడింటినీ ఓడించగలవాడుగా నెపోలియన్ కనిపించడంతో పోలిష్ యువకులు అతని సైన్యంలో చేరారు. 1807లో అతడు వార్సా డచీ అనే చిన్న రాజ్యాన్ని ఏర్పాటు చేశాక ఆ ఆశ మరింత బలపడింది. అతని అంగరక్షక సేనలో పోలిష్ తేలిక అశ్వికదళం ఒకటి ఏర్పడింది. ఆ దళాన్ని తొలి పరీక్షకు పెట్టిన చోటు పోలెండ్ కాదు, స్పెయిన్.

1808 మే నెలలో మాడ్రిడ్ ప్రజలు ఫ్రెంచి ఆక్రమణపై తిరగబడ్డారు. ఆ తిరుగుబాటును అణచేందుకు నవంబరులో నెపోలియన్ స్వయంగా వచ్చాడు. మాడ్రిడ్‌కు పోయే దారిలో సోమోసియెర్రా కనుమ అడ్డం వచ్చింది. ఇరుకైన ఎగుడు దారి, దాని మలుపుల్లో ఒకదానిపైన ఒకటిగా నాలుగు చోట్ల మోహరించిన 16 ఫిరంగులు. నవంబరు 30న నెపోలియన్ ఆజ్ఞపై కోజెతుల్‌స్కి నాయకత్వంలో సుమారు 125 మంది పోలిష్ రౌతులు ఆ దారివెంట పైకి దౌడు తీశారు. ముందువరుసల వారు చాలామంది నేలకొరిగారు. కోజెతుల్‌స్కి గుర్రం కూలిపోయింది. అధికారుల్లో కొనవరకు చేరుకున్న నియెగొలెవ్‌స్కి ఒళ్లంతా గాయాలతో పడిపోయాడు. దాడి కొద్ది నిమిషాల్లో ముగిసింది. కనుమ తెరుచుకుంది. డిసెంబరు మొదటివారంలోనే మాడ్రిడ్ లొంగిపోయింది.

స్పెయిన్ పక్షాన సేనాపతి బెనితో దె సాన్ హువాన్. ఓటమి తరువాత కొద్దిరోజులకే తలావేరాలో తన సైనికుల చేతిలోనే హతుడయ్యాడు. ఈ పేరును ఇక్కడ పనిగట్టుకొని రాస్తున్నాను. సోమోసియెర్రా గురించి పోలిష్ స్మృతిలో నిలిచిన పేర్లన్నీ రౌతులవి. ఎదుటివారికి మిగిలినవి ఫిరంగుల లెక్క మాత్రమే.

ఈ సంఘటనలోని వైరుధ్యం స్పష్టమే. స్వాతంత్ర్యం కోసం ప్రాణాలకు తెగించిన వారు, స్వాతంత్ర్యం కోసమే ప్రాణాలకు తెగించిన మరొకరిపై దాడి చేశారు. స్తెఫాన్ జెరోమ్‌స్కి 1904లో గ్రంథరూపంలో వెలువరించిన ‘పొపియోవి’ (బూడిద) నవలలో స్పెయిన్ దండయాత్రను చిత్రిస్తూ ఈ గాయాన్ని కెలికాడు. ఆ నవలను ఆంద్రెయ్ వాయ్‌దా 1965లో చలనచిత్రంగా తీసినప్పుడు పోలెండ్‌లో మళ్లీ పెద్ద వాదం చెలరేగింది. అంటే వందేళ్లు దాటినా ఆ వైరుధ్యం చల్లారలేదన్నమాట. చిత్రకారులు దీనిని ఎలా ఎదుర్కొన్నారన్నది మన ప్రశ్న.

3. ఫిరంగులు తెలిసిన చిత్రకారుడు

మిహావోవ్‌స్కీ వృత్తిచిత్రకారుడు కాడు. 1800లో క్రాకోవ్‌లో భూస్వామ్య కుటుంబంలో పుట్టాడు. సోమోసియెర్రా దాడి నాటికి ఎనిమిదేళ్ల బాలుడు. గొటింగెన్‌లో చదువుకున్నాడు. వార్సాలో ప్రభుత్వ గనుల శాఖలో చేరి, చిన్నవయసులోనే ఇనుము కరిగించే ప్రభుత్వ కర్మాగారాలపై అధికారి అయ్యాడు. 1830 నవంబరులో రష్యాపై పోలిష్ తిరుగుబాటు మొదలైనప్పుడు ఆయుధాల తయారీ బాధ్యత చూశాడు. తిరుగుబాటు ఓడిపోయింది. ఆయన పారిస్ చేరాడు.

పారిస్‌లో ఆయన శిక్షణ పొందినది నికొలా షార్లే దగ్గర. నెపోలియన్ సైనికుల గాథను రేఖాచిత్రాల్లో ఇంటింటికీ చేర్చినవాడు షార్లే. 1824లోనే మరణించిన జెరికోకు మిత్రుడు కూడా. జెరికో గుర్రాల ప్రభావం మిహావోవ్‌స్కీ మీద ఉన్నమాట నిజమే. విమర్శకులు దీనిని చెప్పని పుస్తకం లేదు. అయితే ఆ మాట చెప్పి ఊరుకోవడం వల్ల ఒక ముఖ్యమైన సంగతి మరుగున పడుతోంది. పారిస్‌లో ఆయన గుర్రాల సంతల్లో తిరుగుతూ చిత్రించినవాటిలో యుద్ధాశ్వాల కన్నా బరువులు లాగే పెర్షెరాన్ గుర్రాలు ఎక్కువగా ఆకట్టుకుంటాయి. లావుపాటి మెడ, వెడల్పయిన పిరుదులు, కాడి ఒరుసుకున్న భుజాలు. అవి వీరుల వాహనాలు కావు, కూలి జంతువులు. ఆయనకు గుర్రం మొదట పనిచేసే ఒంటిగానే కనిపించింది. యుద్ధం ఆ పనుల్లో ఒకటి.

1835లో స్వదేశానికి తిరిగివచ్చి ఎస్టేటు వ్యవహారాలు చూసుకుంటూ, తీరిక దొరికినప్పుడల్లా చిత్రిస్తూ గడిపాడు. చివరి ఏళ్లలో క్రాకోవ్ వ్యవసాయ సంఘానికి అధ్యక్షుడు కూడా. జీవించి ఉండగా స్వదేశంలో ఆయనకు చిత్రకారుడిగా చెప్పుకోదగ్గ పేరు రాలేదు.

4. చిత్రంలో ఉన్నది

సోమోసియెర్రాను ఆయన 1837 ప్రాంతం నుంచి పలుమార్లు చిత్రించాడు. క్రాకోవ్ జాతీయ సంగ్రహాలయంలోని ప్రతిని ఆధారంగా తీసుకుందాం. యుద్ధచిత్రాలు సాధారణంగా అడ్డంగా విస్తరించి ఉంటాయి. ఎడమ నుంచి ఒక సేన, కుడి నుంచి మరొక సేన, నడుమ ఘర్షణ. ఈ చిత్రం నిలువుగా ఉంటుంది. రెండువైపులా కొండ చరియలు, వాటి నడుమ ఇరుకుదారి, ఆ దారిలో పైకి ఎగబాకుతున్న అశ్వికదళం. దిగువన కొన్ని గుర్రాలు, కొందరు రౌతులు కాస్త విడివిడిగా కనిపిస్తారు. పైకి పోయేకొద్దీ ఆకారాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, దుమ్ము, పొగ, రంగుచుక్కల ప్రవాహంగా మారిపోతాయి. ఎక్కువమంది మనకు వీపు చూపే ఉంటారు. ముఖాలను పోల్చుకోగలిగిన అవకాశం లేదు. కోజెతుల్‌స్కి ఎవరు, నియెగొలెవ్‌స్కి ఎవరు అని చూపుడువేలు పెట్టి చెప్పలేం.

కొన మీద ఏముంది? పొగ. ఆ పొగ వెనుక స్పానిష్ ఫిరంగిదళం ఉందని మనకు చరిత్ర తెలిసినందువల్ల తెలుసు, చిత్రం చూసినందువల్ల కాదు. ఫిరంగుల పోతపనిని, వాటి బరువును, నోటి కొలతను దగ్గరగా ఎరిగిన మనిషి ఈ చిత్రంలో ఫిరంగిని వస్తువుగా చూపలేదు. దాని ఊపిరిని మాత్రం చూపాడు.

గుర్రాల్ని వెనుక నుంచి, కింద నుంచి చూపడంలో ఒక సాంకేతిక సౌలభ్యమూ ఉంది. దౌడు తీసే గుర్రం కాళ్లు ఏ క్షణంలో ఎక్కడ ఉంటాయో 1878లో మైబ్రిడ్జ్ ఛాయాచిత్రాలు చూపేవరకు ఎవరికీ నిశ్చయంగా తెలియదు. పక్కనుంచి చూపిన చిత్రకారులు నాలుగు కాళ్లూ చాచి గాలిలో తేలే గుర్రాన్ని గీసి తృప్తిపడ్డారు. ఆ భంగిమలో వేగం ఉంటుంది, బరువు ఉండదు. మిహావోవ్‌స్కీ గుర్రాలు ఎగుడు ఎక్కుతున్నాయి. వాటి పిరుదుల్లో, వంగిన మెడల్లో కనబడేది వేగం కన్నా ముందు శ్రమ.

5. విజేతవ్యుడు ఎక్కడ?

వీరరసానికి స్థాయిభావం ఉత్సాహం. యుద్ధవీరంలో ఆలంబన విభావం విజేతవ్యుడు, అంటే జయింపదగిన ప్రతిపక్షి. అతని చేష్టలు ఉద్దీపనాలు. ధృతి, గర్వం, స్మృతి మొదలైనవి సంచారులు. విశ్వనాథుని సాహిత్యదర్పణం చదివిన వారికిది కొత్త కాదు. ఇక్కడ గమనించవలసింది ‘జయింపదగిన’ అన్న విశేషణం. ప్రతిపక్షికి జయింపబడే అర్హత ఉండాలి. అది బలంలోనైనా ఉండాలి, ధర్మవిరుద్ధమైన నడవడిలోనైనా ఉండాలి. బలహీనుణ్ని గెలిస్తే వీరం పండదు. నిరపరాధిని గెలిస్తే అది వీరం నుంచి జారిపోయి, చూసేవాడి మనసులో మరేదో అవుతుంది.

మన యుద్ధకావ్యాలు ఈ విషయంలో చాలా జాగ్రత్త పడ్డాయి. తిక్కన యుద్ధపర్వాల్లో కౌరవపక్షంలోని ప్రతి ప్రముఖుడికీ పేరుంది, రథముంది, ధ్వజముంది, శపథముంది. ఎదుటివాడికి అంత నిండుదనం ఇచ్చినందువల్లనే గెలుపు వీరం కాగలిగింది. అదే కారణాన, గెలుపు తరువాత స్త్రీపర్వంలో శోకం సాధ్యమైంది. పేరు లేని శత్రువు కోసం ఎవరూ ఏడవలేరు.

సోమోసియెర్రాను వీరఘట్టంగా చిత్రించబోయే పోలిష్ చిత్రకారుడి ముందు రెండు దారులున్నాయి. స్పానిష్ సైనికుణ్ని స్పష్టంగా చూపితే, చూసేవాడికి 1808 మే నెల మాడ్రిడ్ గుర్తుకొస్తుంది. ఆ తిరుగుబాటును అణచిన క్రౌర్యాన్ని 1814లో గోయా ఎలా చిత్రించాడో యూరప్ తరువాత చూసింది. అప్పుడు విజేతవ్యుడు దయనీయుడవుతాడు, ఆలంబనం చేతిలోనుంచి జారిపోతుంది. స్పానిష్ సైనికుణ్ని వికృతంగా, మూర్ఖుడిగా చూపితే అది అబద్ధమవుతుంది. పరాయి పాలకులు తమ గురించి చెప్పే అబద్ధాలు వింటూ బతికిన జాతి మరొకరి గురించి అదే అబద్ధం చెప్పినట్లవుతుంది.

మిహావోవ్‌స్కీ మూడవ దారి తొక్కాడు. శత్రువును తీసేశాడు. అంతమాత్రమే చేసి ఉంటే అది సమస్యను దాటవేయడమని నిర్మొహమాటంగా అనవలసి వచ్చేది. శత్రువును మాటుచేసి మనవాణ్ని మాత్రం మెరిపించే యుద్ధచిత్రాలు ప్రపంచంలో కొల్లలుగా ఉన్నాయి. కానీ ఆయన తమవారి ముఖాలనూ తీసేశాడు. పేరు లేనితనం ఇద్దరికీ సమానంగా పంచాడు. నా దృష్టిలో ఈ చిత్రం నైతికంగా నిలబడుతున్నది ఈ ఒక్క కారణం మీద.

6. ఉత్సాహానికి ఆశ్రయం ఎవరు?

ఆలంబనం లేదు సరే, ఆశ్రయమైనా ఉండాలి కదా. ఉత్సాహం ఎవరిలో ఉంది? నెపోలియన్‌లోనా? అతడు ఈ చిత్రంలో ప్రధానుడు కాడు. రౌతుల్లోనా? వారి కళ్లు, నోళ్లు మనకు అందవు. ముఖం లేకుండా గర్వం, ధృతి వంటి సంచారులు వ్యక్తం కావడం కష్టం. ఇక మిగిలింది గుర్రం. మెడ వంపు, పిరుదు కండరం, ఎగుడు మీద ఆనిన గిట్ట. ఉత్సాహానికి అనుభావాలు అనదగినవన్నీ ఈ చిత్రంలో గుర్రం ఒంటిమీదనే ఉన్నాయి.

ఇక్కడ మన శాస్త్రం ఒక అడ్డు చెబుతుంది. పశుపక్ష్యాదుల్లో కనిపించే భావం పూర్తి రసం కాదు, రసాభాస అన్నది ఆలంకారికుల్లో బలంగా ఉన్న అభిప్రాయం. రాచకొండ ప్రభువు సింగభూపాలుడు రసార్ణవసుధాకరంలో శృంగారాభాసను నాలుగు విధాలుగా విభజిస్తూ తిర్యగ్రాగాన్ని అందులో ఒకటిగా చెప్పాడు. ఈ చర్చ ప్రధానంగా రతి గురించి జరిగినది. ఉత్సాహానికీ అదే సూత్రం వర్తిస్తుందనుకుంటే, గుర్రం ఆశ్రయంగా పండినది వీరం కాదు, వీరాభాస. గుర్రానికి అధ్యవసాయం లేదు. కార్యాకార్య వివేకం లేదు. కళ్లెం లాగిన దిక్కుకు పోతుంది. పైకి కనబడే చిహ్నాలన్నీ వీరానివే. వాటికి మూలమైన సంకల్పం మాత్రం దానిది కాదు.

‘ఆభాస’ అన్న మాటను మనం సాధారణంగా దోషసూచకంగా వాడుతాం. ఈ చిత్రం ముందు నిలబడితే ఆ మాటకు వేరే అర్థం తోస్తుంది. సంకల్పం ఎవరిది అని అడిగితే గుర్రం విషయంలో జవాబు రౌతు వైపు చూపుతుంది. రౌతు విషయంలో? కనుమ తెరవాలన్న సంకల్పం రౌతుది కాదు, చక్రవర్తిది. తన దేశం తిరిగి లేస్తుందన్న ఆశ రౌతుది. దానిని వాడుకున్న ప్రయోజనం మరొకరిది. గుర్రం రౌతుకు ఏమవుతుందో, రౌతు నెపోలియన్‌కు అదే అయ్యాడు. మిహావోవ్‌స్కీ రౌతును, గుర్రాన్ని ఒకే రంగుప్రవాహంలో కలిపివేయడాన్ని చాలామంది రొమాంటిక్ శైలీ లక్షణంగా వివరించారు. ఆ వివరణను కాదనను. అయితే ఆ కలయికలో ఒక ఎరుక కూడా ఉందని నా వాదం. ఇక్కడ ఆభాస చిత్రకారుడి లోపం కాదు. ఆ సంఘటనలోనే ఉన్న వీరాభాసను ఆయన ఉన్నది ఉన్నట్లు పట్టుకున్నాడు.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చు. మిహావోవ్‌స్కీ నెపోలియన్‌ను అశ్వారూఢుడిగా ఆరాధనతో పలుమార్లు చిత్రించాడు కదా, ఆయనకు ఇంత విమర్శ ఉన్నదనడం అతిశయోక్తి కాదా? ఆక్షేపణ న్యాయమైనదే. ఆయన నెపోలియన్ అభిమాని. ఆ తరం పోలిష్ వారిలో చాలామంది అంతే. కానీ కవి సిద్ధాంతాన్ని కాక కావ్యం చూపినదాన్ని చదవాలన్న నియమం చిత్రానికీ వర్తించాలి. ఆరాధన ఉన్నవాడు సోమోసియెర్రాలో చక్రవర్తిని ప్రముఖంగా నిలిపి ఉండవచ్చు, విజయపతాకాన్ని కొనమీద ఎగరేసి ఉండవచ్చు. ఆ రెండూ చేయలేదు. పలుమార్లు చిత్రించినా ఆయన తిరిగితిరిగి వచ్చినది ఎగుడు దారికే.

7. ల్వూవ్, 1894

మిహావోవ్‌స్కీ మరణించిన దాదాపు నలభై ఏళ్లకు, 1894లో ల్వూవ్ నగరంలో (నేటి ఉక్రెయిన్‌లోని ల్వీవ్) పెద్ద జాతీయ ప్రదర్శన జరిగింది. అక్కడ ఏర్పాటుచేసిన గతకాలపు పోలిష్ చిత్రాల విభాగంలోనే ఆయన ప్రతిభను విమర్శకులు మొదటిసారి పూర్తిగా గుర్తించారు. అదే ప్రదర్శనలో జనం కిక్కిరిసిపోయి చూసినది మాత్రం వేరొక కృతి. యాన్ స్తికా, వోయ్‌చెఖ్ కొస్సాక్ మరికొందరు చిత్రకారుల సాయంతో గీసిన ‘రత్స్‌వావిత్సే పనోరమా’. 15 మీటర్ల ఎత్తు, 114 మీటర్ల చుట్టుకొలత ఉన్న వలయాకార చిత్రం. దానికోసం గుండ్రని భవనాన్నే కట్టారు. 1794లో కోస్చూష్కో నాయకత్వంలో కొడవళ్లు పట్టిన రైతులు రష్యన్ ఫిరంగులను చేజిక్కించుకున్న యుద్ధం దాని వస్తువు.

కొస్సాక్ గుర్రాల ఇంట పుట్టినవాడు. తండ్రి యూలియుష్ కొస్సాక్ పోలిష్ అశ్వచిత్రణకు పెట్టింది పేరు. జ్ఞానస్నానవేళ అతనికి ధర్మపిత అయినవాడు, సోమోసియెర్రానే అంతకుముందు చిత్రించిన ఫ్రెంచి యుద్ధచిత్రకారుడు ఒరాస్ వెర్నే. కొస్సాక్ స్వయంగా ఆస్ట్రియా అశ్వికదళంలో పనిచేశాడు. జీను పట్టీ ఎక్కడ బిగుస్తుందో, చెమట ఎక్కడ నురగ కడుతుందో అతని కుంచెకు తెలుసు. రత్స్‌వావిత్సేలో అతని పద్ధతి సంపూర్ణంగా పండింది. ఎందుకంటే అక్కడ ఆలంబనంలో సందేహం లేదు. ఎదుటివాడు ఆక్రమణదారు, ఫిరంగి అతనిది, కొడవలి మనది.

ఆ విజయం ఇచ్చిన ధీమాతో అతడు సోమోసియెర్రాను పనోరమాగా గీయ సంకల్పించాడు. 1899లో వివ్యూర్‌స్కితో కలిసి స్పెయిన్ వెళ్లి కనుమను పరిశీలించాడు. పెద్ద చిత్తుచిత్రాలూ సిద్ధం చేశాడు. వార్సాలో ప్రదర్శించేందుకు రష్యన్ అధికారులు ఒప్పుకోకపోవడంతో పని ఆగిపోయింది. పోలిష్ శౌర్యం కనబడుతుందన్నదే వారి భయం. స్పెయిన్ వారి గోడు వారికి పట్టలేదు. 1907లో కొస్సాక్ ఆ ఘట్టాన్ని తైలవర్ణ చిత్రంగా గీశాడు. అందులో దుస్తులు, జీనులు, గుర్రాల కదలిక అన్నీ నిక్కచ్చిగా ఉంటాయి. రౌతులు విడివిడి మనుషులుగా కనిపిస్తారు. చూసినంతసేపూ ఉత్సాహం కలుగుతుంది. దాని వెంట ఒక ఇబ్బందీ కలుగుతుంది. రత్స్‌వావిత్సేకు సరిపోయిన భాష సోమోసియెర్రాకు సరిపోదు. అదే ఉత్సాహం, అదే వివరం. ఆలంబనం మారిన సంగతి మాత్రం చిత్రానికి తెలియదు.

కొస్సాక్‌ను తేలికచేసి మాట్లాడడం విమర్శకులకు అలవాటయింది. అతని ఇంటిని చిత్రాల కర్మాగారమనీ, కుమారుడు యెజీతో కలిసి ఒకే చిత్రాన్ని పదేపదే గీసి అమ్మాడనీ అంటారు. కొంత నిజమే. 1895 నుంచి 1902 వరకు బెర్లిన్‌లో జర్మన్ చక్రవర్తి కోసం పనిచేసి, అతడు మాల్‌బోర్క్‌లో పోలిష్ వ్యతిరేక ప్రసంగం చేశాక ఆ కొలువు వదిలేశాడన్నది కూడా అతని ఖాతాలో రాయాలి. కానీ నాకు ముఖ్యమనిపించే విషయం ఇంకొకటి.

చిత్రసూత్రం ఏ చిత్రం ఎక్కడ ఉండాలో విధించింది. ఇళ్లలో శృంగార, హాస్య, శాంత రసాల చిత్రాలే ఉండాలి. యుద్ధం, శ్మశానం, దుఃఖం వంటివి ఇళ్లకు తగవు, రాజసభలకు, దేవాలయాలకు తగును. ఈ విధి వెనుక ఉన్నది అమంగళ భయం ఒక్కటే కాదనుకుంటాను. యుద్ధచిత్రం పదిమంది కలిసి చూడవలసినది, సభలో తర్కానికి గురికావలసినది అన్న భావన కూడా అందులో ఉంది. రాజ్యం లేని పోలెండ్‌కు రాజసభ ఎక్కడిది? క్రాకోవ్‌లోని వావెల్ రాజభవనం 19వ శతాబ్దిలో చాలాకాలం ఆస్ట్రియా సైనికుల బారకాసులుగా ఉంది. మిహావోవ్‌స్కీ పూర్వ పోలిష్ సేనాధిపతుల అశ్వారూఢ చిత్రాల వరుసను వావెల్ కోసమే సంకల్పించాడు. అది పూర్తికాలేదు. సభ లేనిచోట యుద్ధచిత్రం ఇళ్లలోకి వచ్చింది. కొస్సాక్ కుటుంబం గీసిన అశ్వికుల చిత్రాలు, వాటి అచ్చుప్రతులు మధ్యతరగతి గదుల గోడలెక్కాయి. అక్కడ అవి తర్కానికి గురికావు, ఇంటివస్తువులై అలవాటైపోతాయి. వీరం శృంగార, హాస్యాల చోటులో కాపురం పెట్టింది. కొస్సాక్ తీపిదనానికి కారణం అతని కుంచె ఒక్కటే కాదు, ఆ గోడ కూడా.

ఆ గోడను కాక సభను ఆశ్రయించిన రత్స్‌వావిత్సే పనోరమా గతి మరోలా సాగింది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత దానిని వ్రొత్స్‌వావ్ నగరానికి తరలించారు. రష్యన్ల ఓటమిని చూపే చిత్రం కావడంతో దశాబ్దాలపాటు చుట్టలుగా మూలపడి ఉండి, 1985లో గాని మళ్లీ తెరుచుకోలేదు. ఇంటిగోడ మీది చిత్రాన్ని చూసి ఏ ప్రభుత్వమూ అంతగా భయపడలేదు.

8. ముఖాలున్నవారు

సోమోసియెర్రాలో ముఖం ఇవ్వని చిత్రకారుడికి ముఖం చిత్రించడం రాదని ఎవరైనా అనుకుంటే, మిహావోవ్‌స్కీ రైతుల చిత్రాలు చూడాలి. క్షిష్‌తొపోజిత్సే, బొలెస్త్రషిత్సే ఎస్టేట్లలో తన చుట్టూ ఉన్న రైతులను, పనివాళ్లను, యూదులను ఆయన నిలువెత్తు గౌరవంతో చిత్రించాడు. వాటిలో ‘సెంకో’ అన్న రైతుచిత్రం ప్రసిద్ధం. ఎండకు ముదిరిన చర్మం, చెదిరిన జుట్టు, చూసేవాడి మీద నిలిచిన చూపు. ఆ మనిషికి పేరుంది. 1846లో గలీషియా ప్రాంతంలో రైతులు భూస్వాముల ఇళ్లపై పడి వందలమందిని చంపారు. ఆ కాలంలో, ఆ నేల మీద, ఒక భూస్వామి రైతు ముఖంలోకి ఇంత నిదానంగా చూశాడన్నది తేలికగా తీసుకోదగ్గ విషయం కాదు. ఆ చూపులో భయం లేదు, దయ చూపుతున్న దొరతనమూ లేదు. ఆయన భూస్వామిగానే బతికాడు, భూస్వామిగానే పోయాడు. ఈ చిత్రాలను బట్టి ఆయనకు లేని రాజకీయాన్ని అంటగట్టనక్కరలేదు. అయినా ఎవరికి ముఖం ఇచ్చాడు, ఎవరికి ఇవ్వలేదు అన్న లెక్క మన ముందుంది.

క్రాకోవ్ పాత బజారు భవనం సుకియెన్నిత్సే పైఅంతస్తులో ఉన్న 19వ శతాబ్ది చిత్రశాలలో ఇప్పుడు ఒక గదికి మిహావోవ్‌స్కీ పేరు పెట్టారు. సోమోసియెర్రా, సెంకో రెండూ ఆ సంగ్రహాలయానివే. ఒకదానిలో గెలిచినవారందరూ మనకు వీపు తిప్పి పొగలోకి పోతుంటారు. రెండవదానిలో ఏ యుద్ధమూ గెలవని మనిషి ఎదురుగా కూర్చొని ఉంటాడు.